బయోస్‌లోకి వెళ్లే ముందు

చిట్టితల్లీ,

నిన్న మీ అమ్మ ఫోను చేసి, "నీ మేనకోడలు కూడా ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేస్తుందట, అన్నీ నీ పోలికలే" అంది. అందులో మెప్పు ఎంతో, దెప్పు ఎంతో నాకే తెలుసు. ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడపడమంటే మాటలా! ముందు పొంగిపోయాను, ఆ వెంటనే గుండె గుభేలుమంది.

బయోస్ (కంప్యూటరు మొదలవగానే నడిచే సెట్టింగుల ప్రోగ్రాము) తెరిచే ముందు తేలిక సంగతులు చెప్పేస్తాను. నీ ప్రాసెసర్ అన్‌లాక్ అయినదేనా, అంటే వేగం మార్చనిచ్చేదేనా చూసుకో. ఇంటెల్ అయితే పేరులో 'కె' ఉండాలి, మదర్‌బోర్డు కూడా ఒప్పుకోవాలి. కూలర్ గట్టిదై ఉండాలి, ఫ్యాన్ల దుమ్ము దులుపు. వారంటీ షరతులు చదువు.

ఇక నా ఘనకార్యం విను. 1999లో నా దగ్గర సెలెరాన్ 300ఏ అనే ఇంటెల్ ప్రాసెసర్ ఉండేది. అసలు వేగం 300 మెగాహెర్ట్జ్. బస్ (ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ మధ్య దారి) వేగాన్ని 66 నుంచి 100కు మారిస్తే 450కి చేరుతుందని అప్పట్లో అందరి నోటా అదే మాట. నాది 100 దగ్గర మొరాయించింది. మధ్యేమార్గంగా 83 పెట్టాను, హాయిగా నడిచింది. చిన్న అడుగే కదా, భయమేముంది అనుకున్నాను. అక్కడే బోల్తాపడ్డాను. 100 దగ్గర మదర్‌బోర్డు ఆ వేగాన్ని మూడుతో భాగించి పీసీఐ బస్‌కు, అంటే మిగతా పరికరాలు నడిచే మరో దారికి, 33 ఇస్తుంది. 83ను మాత్రం రెండుతోనే భాగించింది. 33 దగ్గర నడవాల్సిన బస్ 41 దాటి పరుగెత్తింది. హార్డ్ డిస్క్ కంట్రోలర్ ఉన్నది దాని మీదే. ప్రాసెసర్‌కు చీమ కుట్టినట్టయినా లేదు, డిస్క్ మీద రాసినవి మాత్రం అక్కడక్కడా చెడిపోసాగాయి.

మీ అమ్మ ప్రాజెక్టు రిపోర్టు ఆ డిస్క్‌లోనే ఉంది.

వారం రోజులు ఏమీ కనిపెట్టలేదు. పైగా రోజూ రాత్రి బుద్ధిమంతుడిలా ఆ ఫైలును ఫ్లాపీలోకి కాపీ చేసేవాణ్ణి, అదీ ఒకే ఫ్లాపీలోకి! పాడైనదాన్ని తీసుకెళ్లి బాగున్నదాని మీద నా చేతులతో నేనే రాశానన్నమాట. ఫైలు తెరిస్తే సగం పేజీలు పిచ్చి గీతలు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మూడు రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేసింది. నేను పక్కన కూర్చుని చేతిరాత కాగితాలు చదివి వినిపించాను.

ఈనాటి ప్రాసెసర్ వేడెక్కితే తానే వేగం తగ్గించుకుంటుంది, మరీ మించితే ఆగిపోతుంది. కాబట్టి కాలిపోతుందన్న బెంగ నాకు అంతగా లేదు. చక్కగా నడుస్తూ చడీచప్పుడు లేకుండా తప్పులు చేసే యంత్రమంటేనే భయం. అందుకే బేస్ క్లాక్ (నా పాత బస్ వేగంలాంటి మూల వేగం) జోలికి పోకు, దాన్ని 100 దగ్గరే ఉంచి మల్టిప్లయర్ (ఆ మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) ఒక్కటే మార్చు. ఒక్కో మెట్టు 100 మెగాహెర్ట్జ్. మెట్టు మెట్టుకూ ప్రైమ్95 అనే పరీక్షా ప్రోగ్రాము నడుపు. అది తన లెక్కలను ముందే తెలిసిన జవాబులతో సరిచూసుకుంటుంది. ఒక్క తప్పు వచ్చినా ఒక మెట్టు దిగు, "ఆటలు బాగానే ఆడుతున్నాయి మామయ్యా" అనకు. నా 83 కూడా బాగానే ఆడింది. మెమరీ వేగం ఇప్పుడే పెంచకు. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు ఎవరిదో తేలదు.

వోల్టేజిని ఆటోకు వదలకు, చాలా బోర్డులు అవసరానికి మించి ఎక్కిస్తాయి. నువ్వే పెంచినా అతి కొద్దికొద్దిగా పెంచు. వోల్టేజి 10 శాతం పెరిగితే, వేగం మారకపోయినా, వాడుకునే విద్యుత్తు సుమారు 21 శాతం పెరుగుతుంది. అదంతా వేడే. పూర్తి భారం మీద 85 డిగ్రీలు దాటితే నేనైతే ఆపేస్తాను. స్క్రీన్ నల్లగా ఉండిపోతే ఏడవకు, కరెంటు తీసేసి సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే మెమరీ) క్లియర్ చేస్తే పాత సెట్టింగులు వస్తాయి.

ఇంత చేసినా దక్కేది కొద్దిపాటి వేగమే, ప్రాసెసర్లు ఇప్పుడు తమంతట తామే పరుగెత్తుతున్నాయి. అయినా చెయ్యి. ఆ నల్లపెట్టె లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనే కుతూహలం మన ఇంట్లో నాతో ఆగిపోనందుకు నాకెంత సంతోషమో.

కానీ బయోస్ తెరవకముందే నీ ఫొటోలూ రాతలూ వేరే డిస్క్‌లోకి కాపీ చెయ్యి. కేబుల్ పీకేసి, ప్రయోగం ముగిసేదాకా దాన్ని తాకకు. మీ అమ్మకిచ్చి బీరువాలో పెట్టించు. ఎందుకని ఆమె అడగదులే.

నీ
మామయ్య