బరంపురం పాత సామాన్ల షాపులో పాత బీఎంఎక్స్ ఫ్రేము దొరికింది, కొనొచ్చా? ఎలా బాగుచేసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: బరంపురంలో పాత ఇనుప సామాన్ల షాపులో 20 అంగుళాల చక్రాలకి సరిపోయే బీఎంఎక్స్ (మట్టి ట్రాకుల మీద పందేలకి, ఎగిరి దూకడానికి చేసిన చిన్న సైకిల్) ఫ్రేము, ఫోర్కుతో (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) సహా కనిపించింది. స్టిక్కర్లు చెరిగిపోయాయి, ఊడిన రంగు కింద క్రోమ్ మెరుస్తోంది, సీటు రాడ్డు కదలడం లేదు, షాపాయన 3,500 చెబుతున్నారు. కొనాలా వద్దా, కొంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. ఇలాంటి ఫ్రేమునే ఒకదాన్ని 2019లో మళ్ళీ రోడ్డెక్కించాను. అది ఏ కంపెనీదో తెలుసుకోవాలని మీరు ఫోన్లో ఫొటోలు వెతుకుతూ ఉండుంటారు, నేనూ నెల రోజులు అదే చేశాను. ఆ పని పక్కన పెట్టండి. ఫ్రేము వంకర పోలేదు కదా, క్రాంకులని, అంటే పెడళ్ళు బిగించే చేతులని, కలిపే ఇరుసు దూరే అడ్డ గొట్టం కొలత ఎంత, ఈ రెండూ తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే. పేరు తర్వాతైనా తెలుస్తుంది.

మాది మా మావయ్య ఓడల్లో పనిచేసే రోజుల్లో, 80లలో, జపాన్ నుంచి మా బావ కోసం తెచ్చిన కువాహారా. ఒసాకా కంపెనీ. బావ పదో తరగతి దాకా తొక్కి వదిలేస్తే కాశీనగర్ దగ్గర వాళ్ళ ఊళ్ళో పశువుల పాకలో మేకుకి వేలాడుతూ ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక వంశధార పొంగి ఆ పాకలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక చూస్తే పాక కూలి, ఫ్రేము సగం బురదలో ఉంది. నేను ఇంటికి తెచ్చుకున్న నాలుగు నెలలకి కూడా ఆ గొట్టాల్లోంచి ఎండిన ఒండ్రు రాలుతూనే ఉండేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ షాపు గోపాల్‌పూర్ సముద్రానికి 15 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఉప్పుగాలికి తుప్పు బయటికంటే లోపల ఎక్కువ పట్టి ఉండొచ్చు. సీటు గొట్టం పై కొస మూసుకుపోయి ఉంది కాబట్టి, అడ్డ గొట్టంలోంచి టార్చి వేసి చూడండి. ఫ్రేముని తలకిందులు చేసి స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఎర్రటి పొడి రాలితే భయపడక్కర్లేదు. పొరలు పొరలుగా, పెంకుల్లా ఊడితే మాత్రం 500కి ఇచ్చినా వద్దనండి.

ఇప్పుడు వంకర సంగతి. షాపుకి ఒక గట్టి నైలాన్ దారం తీసుకెళ్ళండి. వెనక చక్రం కూర్చునే ఎడమ పక్క గాడికి ఒక కొస కట్టి, దారాన్ని ముందుకి లాగి హ్యాండిల్ దూరే గొట్టం చుట్టూ తిప్పి, వెనక్కి తెచ్చి కుడి పక్క గాడికి బిగించండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఖాళీని రెండు వైపులా స్కేలుతో కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పర్వాలేదు. నాలుగైదు వచ్చిందంటే వెనక భాగం ఒక పక్కకి లాగేసిందన్నమాట. వెనక రెండు గాడుల మధ్య దూరం కూడా చూడండి, 110 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉండాలి. స్టీలు ఫ్రేముకి వెనక భాగం కొద్దిగా పక్కకి పోతే తెలిసిన మిస్త్రీ సరిచేయగలరు.

ముందు భాగం దెబ్బతింటే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. హ్యాండిల్ గొట్టం నుంచి కిందకి దిగే లావు గొట్టం ఉంటుంది కదా, దాని అడుగు భాగం మీద, అతుకు నుంచి రెండు మూడు అంగుళాల దాకా వేలి కొసతో మెల్లగా నిమరండి. కళ్ళకి కనపడని ముడత వేలికి తగులుతుంది. పిల్లలు ఎగిరి దూకినప్పుడు, గోడకి గుద్దినప్పుడు దెబ్బంతా అక్కడికే వస్తుంది. అక్కడ ముడత ఉన్నా, రంగు అడ్డంగా సన్నటి గీతలా పగిలి ఉన్నా వదిలేయండి. గొట్టాల మధ్యలో ఉండే చిన్న చిన్న సొట్టలకి అంత టెన్షన్ పడక్కర్లేదు.

జేబులో ఒక అయస్కాంతం కూడా పెట్టుకోండి. అంటుకోకపోతే అల్యూమినియం అన్నట్టు. పాతవాటిలో పీకే రిప్పర్ లాంటి మంచి అల్యూమినియం ఫ్రేములు ఉన్నాయి, కానీ పగిలితే మన దగ్గర గ్యాస్ వెల్డింగుతో అతికించేవి కావు అవి. మీరు క్రోమ్ అంటున్నారు కాబట్టి స్టీలే అయి ఉంటుంది. సీటు గొట్టం మీద స్టిక్కరు ముక్క ఏదైనా మిగిలి ఉండి 4130 అనే అంకె కనిపిస్తే అది క్రోమోలీ, అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు. మామూలు స్టీలు కంటే బలం ఎక్కువ, అందుకే గొట్టాలు పల్చగా, ఫ్రేము తేలిగ్గా చేయగలిగారు. చేత్తో ఎత్తితేనే తేడా తెలుస్తుంది.

తర్వాత అడ్డ గొట్టం. లోపల మరలు లేకుండా నున్నగా, సుమారు 51 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే అది అమెరికన్ రకం. రెండు కాళ్ళ క్రాంకులూ ఒకే ఇనుప కడ్డీని వంచి చేసిన రకం అందులో కూర్చుంటుంది. 80లలో వచ్చిన బీఎంఎక్స్‌లలో ఎక్కువ ఇవే. లోపల మరలు ఉండి సన్నగా ఉంటే యూరో రకం. నున్నగా ఉండి 41 మిల్లీమీటర్లు వస్తే అది తర్వాతి కాలపు ఫ్రేము, మీరు అనుకున్నంత పాతది కాదు. అలాగే వెనక గాడి 14 మిల్లీమీటర్ల లావు ఇరుసు పట్టేలా ఉంటే 90లలోనో ఆ తర్వాతో చేసినది. 80ల గాడి 3/8 అంగుళం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఇరుసుకి సరిపోతుంది. ఫోర్కు మెడ మీద మరలు ఉన్నాయా అన్నది ఇంకో గుర్తు, పాతవాటికి ఒక అంగుళం లావు, మరలతో ఉంటుంది. ఫోర్కు విడిగా వెతకాల్సి వస్తే చాలా తిప్పలు కాబట్టి, మీకు ఫోర్కు కూడా ఇస్తున్నారంటే అది పెద్ద లాభం. దాని మీది నట్టు మాత్రం పోగొట్టకండి. ఆ మరలు అంగుళానికి 24, దగ్గరలో ఉందని వేరే సైకిల్ నట్టు బలవంతంగా ఎక్కిస్తే మెడ పాడవుతుంది.

ఇవన్నీ సరిపోతే నేనైతే 3,500 ఇచ్చేస్తాను. కాస్త బేరమాడి చూడండి, సీటు రాడ్డు ఇరుక్కుంది కాబట్టి తగ్గిస్తారు.

ఆ సీటు రాడ్డుతో మాత్రం తొందరపడొద్దు. నా రాడ్డు 11 రోజులు తీసుకుంది. ముందు క్లాంపు పూర్తిగా తీసేసి, ఫ్రేముని తలకిందులుగా వేలాడదీసి, అడ్డ గొట్టంలోంచి సీటు గొట్టంలోకి డీజిల్‌లో కలిపిన ఇంజనాయిలు పోశాను. రోజూ పొద్దున్న కాస్త పోయడం, సుత్తితో రాడ్డు చుట్టూ మెల్లగా తట్టడం. చివరికి మా మిస్త్రీ గారు రాడ్డు పై భాగాన్ని బెంచి వైస్‌లో బిగించి, మేమిద్దరం ఫ్రేమునే స్టీరింగులా పట్టుకుని తిప్పాం. ఆయన ఒడియాలో ‘ధీరే, ధీరే’ అంటూనే ఉన్నారు. ముందు ఒక వెంట్రుక వాసి కదిలి కీచుమంది, తర్వాత పావు చుట్టు. రాడ్డుని తిప్పడం కంటే ఫ్రేముని తిప్పితే చేతికి పట్టు, బలం రెండూ ఎక్కువ దొరుకుతాయి. పైపు రెంచితో రాడ్డుని తిప్పితే రాడ్డు నలిగి గొట్టంలోనే ఉండిపోతుంది.

ఒకే కడ్డీ క్రాంకు ఉంటే విప్పేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. ఎడమ పెడలుకీ, ఎడమ పక్క పెద్ద నట్టుకీ, దాని వెనక కోనుకీ (బేరింగు గోలీలని నొక్కి పట్టే బిళ్ళ) మరలు తిరగబడి ఉంటాయి. గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పితే ఊడతాయి. ఎడమ పెడలు ముందు తీయకపోతే క్రాంకు బయటికి రాదు. ఆ క్రాంకులకి పెడల్ ఇరుసు అర అంగుళం, మామూలు సైకిల్ పెడళ్ళు 9/16, అవి పట్టవు. గోలీలు కొనేటప్పుడు పాత గోలీ ఒకటి కాగితంలో చుట్టి పట్టుకెళ్ళండి.

రంగు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నేను బాధపడింది అక్కడే. మా ఫ్రేముకి అసలు నీలం రంగు చాలా వరకు బాగానే ఉండేది. పై గొట్టం మీద బావ చిన్నప్పుడు జామెట్రీ బాక్సులోని కాంపాస్ ముల్లుతో తెలుగులో తన పేరు గీసుకున్నాడు, ‘శ్రీ’ అక్షరం చిన్నగా, వంకరగా. కొత్తగా మెరవాలన్న ఆత్రంలో ఒక పౌడర్ కోటింగ్ షాపుకి ఇచ్చాను. తుప్పు ఉన్న చోటే శుభ్రం చేసి, మరల మీద టేపు వేయమని రెండుసార్లు చెప్పాను. వాళ్ళు మొత్తం ఇసుకతో కొట్టి, మరల మీద కూడా దళసరిగా కోటింగ్ వేసి ఇచ్చారు. అడుగున కొట్టి ఉన్న నంబరు పూడిపోయింది, బావ పేరూ పోయింది. ఫోర్కు మరలు శుభ్రం చేయడానికి లేత్ షాపు చుట్టూ మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. బావ ఏమీ అనలేదు గానీ, చాలాసేపు ఆ గొట్టం మీద వేలు పెట్టి వెతికాడు.

మీది క్రోమ్ మీద ఎవరో తర్వాత వేసిన రంగులా ఉంది. అందుకని ఎమిరీ పేపరు కానీ ఇసుక కానీ దాని దగ్గరికి రానివ్వకండి, క్రోమ్ మీద గీతలు పడితే మళ్ళీ పోవు. రంగులమ్మే షాపులో పెయింట్ రిమూవర్ దొరుకుతుంది. చేతికి గ్లోవ్స్ వేసుకుని ఆరుబయట బ్రష్‌తో రాసి, ఉబ్బిన రంగుని చెక్క ముక్కతో గీకండి. చిన్న చిన్న తుప్పు చుక్కలకి అల్యూమినియం ఫాయిల్ ఉండ చేసి నీళ్ళల్లో ముంచి రుద్దితే చాలు. లోతుగా ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళల్లో తడిపిన బట్టని కొన్ని గంటలు చుట్టి ఉంచి, తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టండి. మొదలుపెట్టే ముందు నంబరు ఫొటో తీసుకోండి, అడ్డ గొట్టం అడుగునో వెనక గాడి పక్కనో ఉంటుంది. గొట్టాల లోపల నూనె పోసి అటూ ఇటూ తిప్పి, మిగిలింది వంపేయండి. ఈ పనులేవీ వానాకాలంలో పెట్టుకోవద్దు, కడిగిన ఇనుము మన గాలికి తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

మిగతావి సులువే. టైరు పక్కన 406 అనే అంకె ఉన్నది కొనండి. 20×1.75కి 47-406, 20×2.125కి 57-406 అని రాసి ఉంటుంది. 20 అంగుళాలే అయినా 451 అని ఉన్నది వేరే రిమ్ముకి. గొలుసు మాత్రం మన మామూలు సైకిల్ గొలుసే సరిపోతుంది. పళ్ళు ముందు 44, వెనక 16 పెట్టాను, అది పాతవాటికి అలవాటైన లెక్క, ఊళ్ళో తొక్కడానికి హాయిగా ఉంటుంది. ఫ్రేము కాకుండా నాకు మొత్తం ఆరు వేల చిల్లర అయింది, అందులో పౌడర్ కోటింగ్, లేత్ పనికి పోయిందే ఎక్కువ. మీకు ఆ రెండూ తప్పుతాయి.

షాపుకి వెళ్ళి కొలిచాక అడ్డ గొట్టం కొలత, దారానికి రెండు వైపులా వచ్చిన అంకెలు కామెంట్లో రాయండి. 51 వస్తే నా దగ్గర అమెరికన్ రకం కప్పులు (అడ్డ గొట్టంలో బేరింగులు కూర్చునేవి) ఒక జత మిగిలి ఉన్నాయి, బరంపురం బస్సులో పంపిస్తాను.