డెనాలికి వచ్చేముందు

చిరంజీవి సుధీర్‌కి,

అత్తయ్య ఆశీస్సులు. జులైలో పిల్లల్ని తీసుకుని అలాస్కా వస్తున్నామని, డెనాలి పార్కు రెండ్రోజుల్లో మొత్తం చూసేయొచ్చా అని అడిగావు. చూసేయలేవు నాయనా. అరవై లక్షల ఎకరాలది. దాని లోపలికి పోయే రోడ్డు ఒక్కటే, 92 మైళ్లు. వేసవిలో సొంత కారుని 15వ మైలు దగ్గర సావేజ్ నది దాకానే పోనిస్తారు, ఆపైన పార్కు బస్సే. 2021 ఆగస్టులో ప్రెటీ రాక్స్ దగ్గర కొండచరియ జారడం ఎక్కువై రోడ్డు మూసేశారు. అప్పట్నించి బస్సులు 43వ మైలు దగ్గరే వెనక్కి తిరుగుతూ వచ్చాయి. నువ్వొచ్చేసరికి ఎంతదాకా పోతున్నాయో టికెట్లు కొనేముందు చూసుకో.

టూర్ బస్సు కాకుండా ట్రాన్సిట్ బస్సుకి టికెట్ తీసుకో. ట్రాన్సిట్ అయితే నచ్చినచోట దిగిపోవచ్చు, తర్వాత వచ్చే బస్సులో ఖాళీ ఉంటే ఎక్కొచ్చు. ఇన్నేళ్లుగా వెళ్తున్నదాన్ని కాబట్టి గట్టిగా చెప్తున్నాను: జంతువుల కోసం హడావిడిగా తిరిగేవాళ్ల కంటే ఒకచోట కుదురుగా కూర్చున్నవాళ్లకే అక్కడ ఎక్కువ కనిపిస్తుంది. కాస్త ఎత్తుకి వెళ్తే చెట్లు ఉండవు, అంతా టండ్రా, చూపు మైళ్ల దూరం పోతుంది. బైనాక్యులర్స్ పెట్టుకుని ఎదురుగా ఉన్న వాలుని పైనుంచి కిందికి మెల్లగా గాలించు. ఎండుగడ్డి రంగు మచ్చ కదిలిందంటే అది గ్రిజ్లీ ఎలుగు కావచ్చు. శిఖరాల దగ్గర రాళ్ల మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే డాల్ గొర్రెలు. అసలు 1917లో ఈ పార్కు పెట్టింది ముఖ్యంగా ఆ గొర్రెల కోసమే. వేటగాళ్లు వాటిని విపరీతంగా చంపేస్తున్నారని చార్లెస్ షెల్డన్ అనే ఆయన పట్టుబట్టి సాధించాడు.

ఎలుగు కనిపిస్తే ఫొటో తీసి వదిలేయొద్దు, అది ఏం చేస్తోందో చూడండి. సముద్ర తీరంలో ఎలుగులకి దొరికినట్టు ఇక్కడివాటికి సాల్మన్ చేపలు దొరకవు. అందుకే ఒళ్లు చిన్నది, తిండి ఎక్కువగా దుంపలు, గడ్డి, పళ్లు, మధ్యమధ్య నేల ఉడుతలు. ఉడుత బొరియ దొరికిందంటే ముందుకాళ్లతో పెళ్లలు పెళ్లలుగా మట్టి లాగేస్తుంది, ఆగి కన్నంలో మూతి పెట్టి వాసన పీలుస్తుంది, పక్కకి జరిగి మళ్లీ తవ్వుతుంది. ఉడుత ఒక్కోసారి ఇంకో కన్నంలోంచి ఉడాయిస్తుంది! ఆ ఉడుతల సంగతి పిల్లలకి చెప్పు. చలికాలం నిద్రలో వాటి ఒంటి వేడి సున్నా డిగ్రీల కంటే కిందికి పోతుంది, అయినా చావవు. ఇక్కడి కప్ప అయితే గడ్డకట్టి, గుండె ఆగిపోయి, వసంతంలో మళ్లీ గెంతుతుంది.

కారిబూ అనే పెద్ద జింకలు దగ్గరగా నడిచి వెళ్తుంటే మాటలు ఆపి చెవులు పెట్టండి. అడుగు వేసినప్పుడల్లా కాళ్ల దగ్గర టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది. వాటిలో ఆడవాటికి కూడా కొమ్ములుంటాయి.

ఇక జాగ్రత్తలు. ఎలుగుకి 300 గజాల దూరంలో ఉండాలి. మూస్ (జింకల జాతిలోకెల్లా పెద్దది), కారిబూ, తోడేళ్లకి 25 గజాలు. ఎలుగు ఎదురుపడితే పరిగెత్తొద్దు, నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి జరగాలి. మూస్ మీదికొస్తే మాత్రం పరిగెత్తాల్సిందే, చెట్టు చాటుకి పోవాలి. మూస్ సాధువుగా కనిపిస్తుంది గానీ, పిల్లతో ఉన్న తల్లి మూస్ అంటే నాకు ఎలుగు కంటే ఎక్కువ భయం. బేర్ స్ప్రే, అంటే ఎలుగు మీదికొస్తే కొట్టే కారం స్ప్రే, విమానంలో తేనివ్వరు, ఇక్కడే కొందాం.

టండ్రా మీద నడిచేటప్పుడు ఒకరి వెనక ఒకరు వరసగా నడవొద్దు, విడివిడిగా నడవాలి. ఒకేచోట అడుగులు పడితే ఆ మొక్కలు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. లోపల తిండి అమ్మరు. పులిహోర నేను చేసిస్తాను. ఉడుత ముద్దుగా దగ్గరికొచ్చిందని పిల్లలు దానికో మెతుకు కూడా వేయకూడదు. మనుషుల తిండి మరిగితే అది దానికీ మంచిది కాదు, వెనక వచ్చేవాళ్లకీ మంచిది కాదు.

20,310 అడుగుల డెనాలి శిఖరం కనిపిస్తుందో లేదో చెప్పలేం. వేసవిలో వచ్చినవాళ్లలో మూడొంతుల్లో ఒక వంతుకే కనిపిస్తుందంటారు, మిగతా రోజులంతా మబ్బులే. అదొక్కటే మనసులో పెట్టుకుని వస్తే పిల్లలు నీరసపడిపోతారు, వాళ్లని ఆ టెన్షన్‌లో పెట్టకు. వాళ్ల కోసం పార్కు కుక్కల శాలకి ఒక పూట ఉంచు. చలికాలంలో రేంజర్లు గస్తీకి వాడే స్లెడ్జి కుక్కలు అవి, వేసవిలో బండి లాగి చూపిస్తారు, డబ్బులేం తీసుకోరు.

జులైలో దోమలు విపరీతం. తలకి వేసుకునే వలలు, వానకోట్లు, ఉన్ని టోపీలు అందరికీ తెచ్చుకోండి. బైనాక్యులర్స్ కొనొద్దు, నా దగ్గర రెండున్నాయి. బస్సు టికెట్లు మాత్రం ఈ వారమే బుక్ చెయ్యి, పొద్దున్నే బయల్దేరేవి ముందు అయిపోతాయి.

మీ అత్తయ్య
యాంకరేజ్