బాణీలు కట్టడం ఆపాలనుకుంటున్న మిత్రునికి సమాధానం

నమస్కారం. పదేళ్లుగా విజయవాడలో భక్తి ఆల్బములకు, ప్రకటనలకు బాణీలు కడుతున్న మీకు ఇప్పుడు కీబోర్డు ముందు కూర్చోవాలంటేనే విసుగు పుడుతోందని, మోహన రాగంలో ఏది మొదలుపెట్టినా చేయి 'గ ప ద ప గ రి' దగ్గరికే పోతోందని, అన్నీ అమ్మేసి మానుకోవాలా అని అడిగారు.

మానుకోండి, అందులో తప్పేమీ లేదు. 37 ఏళ్లకే పేరు మోసిన ఇటలీ స్వరకర్త రోసినీ 1829 తరువాత కొత్త ఆపెరా (పాటలతో నడిచే నాటకం) రాయలేదు, 1868 దాకా జీవించారు. చివరి దశలో మాత్రం పారిస్‌లోని తన ఇంటికి వచ్చే అతిథుల కోసం చిన్న చిన్న పియానో రచనలు చేశారు. మీకు విసుగు సంగీతం మీద కాదని, ఎవరో పంపిన పాటలాగే మరొకటి ఈ రాత్రికల్లా కావాలనే ఒత్తిడి మీదేనని నాకు అనిపిస్తోంది.

ఒప్పుకున్న పనులు పూర్తిచేయండి, చేయలేనివాటికి అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి. పాత ప్రాజెక్టులలోని ప్రతి ట్రాకును విడివిడిగా వేవ్ ఫైలుగా భద్రపరచండి, ఎందుకంటే వాటిలో వాడిన ప్లగిన్లు (ధ్వనుల కోసం జోడించే చిన్న సాఫ్ట్‌వేర్లు) కొన్నేళ్ల తరువాత తెరుచుకోకపోవచ్చు. కీబోర్డు అమ్మినా హార్మోనియం మాత్రం ఉంచుకోండి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కచేరీ ఉన్నప్పుడు వెళ్లి, రికార్డింగు గురించి ఆలోచించకుండా వినండి. ఎప్పుడు తిరిగి వస్తారని ఎవరైనా అడిగితే గడువు చెప్పకండి, దయచేసి మీకు మీరు కూడా పెట్టుకోకండి.