కిడ్నీ మార్పిడి, స్కానింగ్, లెక్కలు: పదో తరగతి తర్వాత ఏ దారి?

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి పది పాసైంది. మా అన్నయ్యకు కిడ్నీ మార్పిడి జరిగినప్పటి నుంచి, స్కానింగ్ చూసి కొత్త కిడ్నీ ఎన్నాళ్లు పనిచేస్తుందో ముందే చెప్పే చదువు చదువుతానంటోంది. చుట్టాల్లో కొందరు విశాఖలో బైపీసీలో చేర్చమంటున్నారు, కొందరు స్కానింగ్ టెక్నీషియన్ కోర్సు చాలంటున్నారు. ఏం చేయమంటారు?"

బైపీసీలో చేర్చకండి. ఒడిశా ప్లస్ టూ సైన్స్‌లో మ్యాథ్స్, బయాలజీ రెండూ కలిపి చదవచ్చు. ఇంటి దగ్గరే ఆ వీలుండగా లెక్కలు వదిలేయడం ఎందుకు? అమ్మాయి కోరుకుంటున్న పనికి లెక్కలే ప్రాణం.

మీ అన్నయ్యగారి డాప్లర్ (రక్తం పారే వేగాన్ని కొలిచే అల్ట్రాసౌండ్ స్కాన్) రిపోర్టులో ఆర్.ఐ. (రెసిస్టివ్ ఇండెక్స్) అనే అంకె ఉంటుంది, చూడండి. గుండె కొట్టుకున్నప్పుడు కిడ్నీ నాళంలో రక్తం వేగం ఎంతో, గుండె సడలినప్పుడు ఎంతో కొలుస్తారు. ఆ రెండింటి తేడాను మొదటి వేగంతో భాగిస్తే వచ్చేదే ఆర్.ఐ. అది 0.80, ఆపైన ఉన్నవాళ్లలో మార్చిన కిడ్నీ త్వరగా దెబ్బతింటోందని 2003లో జర్మనీ డాక్టర్లు ప్రకటించారు. 2013లో బెల్జియం డాక్టర్లు అదే అంకెను బయాప్సీల (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షల) ఫలితాల పక్కన పెట్టి చూశారు. అంకె ఎక్కువున్నవాళ్లలో మరణాలు ఎక్కువే. కానీ ఆ అంకె చెబుతున్నది మార్చిన కిడ్నీ గురించి కాదు, దాన్ని పొందిన మనిషి వయసు, రక్తనాళాల స్థితి గురించి అని తేలింది. ఇలాంటి తేడా పట్టుకోవడానికి స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. కంప్యూటర్‌కు వేల స్కాన్లు చూపించి నేర్పించినా ఈ చిక్కు తప్పదు.

టెక్నీషియన్‌ది గౌరవమైన ఉద్యోగమే. సీటీ, ఎమ్మారై తీసేది వాళ్లే. కానీ గర్భంలోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం వల్ల మన దగ్గర అల్ట్రాసౌండ్ చేయాల్సింది అర్హత ఉన్న డాక్టరే, డాప్లర్ కూడా అందులో భాగమే. పైగా అమ్మాయి అడుగుతున్నది స్కాన్ తీసే పని కాదు.

ప్లస్ టూ తర్వాత దారులు రెండు. డాక్టర్ కావాలంటే నీట్, ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ రేడియాలజీ మూడేళ్లు. నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) అయితే జనరల్ మెడిసిన్ ఎండీ మీద డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు మరో మూడేళ్లు. ఇంజినీరింగ్ అయితే జేఈఈ రాసి రూర్కెలా ఎన్ఐటీలోనో హైదరాబాద్ ఐఐటీలోనో బయోమెడికల్ ఇంజినీరింగ్, తర్వాత పరిశోధన. లెక్కలంటే ఇష్టముంటే నా మొగ్గు రెండోదానికే. నీట్, జేఈఈ రెండింటికీ చివరిదాకా చదివించి పిల్లకు టెన్షన్ పెట్టకండి. మొదటి ఏడాది అయ్యేసరికి ఒకటి తేల్చుకోనివ్వండి.

ఇంకో మాట. మీ పొరుగునే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం ఉంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఏళ్లుగా కిడ్నీ జబ్బు కుటుంబాలను కుంగదీస్తోంది, కారణం పూర్తిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. రోగితో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడగల పరిశోధకురాలు ఈ ప్రాంతానికి నిజంగా కావాలి.

ఈ సెలవుల్లో, పెదనాన్నగారు ఒప్పుకుంటే, ఆయన పాత రిపోర్టులన్నీ అమ్మాయికి ఇవ్వండి. ఆర్.ఐ., క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) అంకెలను తేదీలవారీగా గ్రాఫ్ గీయమనండి. అందులో తనకు ఏ ప్రశ్నలు వచ్చాయో నాకు రాయమనండి.