మంచు మీద చేపలు పట్టే గుడారంలో చిన్న ఫ్యాను పెడితే చలి తగ్గుతుందా, పెరుగుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయవాడ నుంచి వెళ్ళి మిన్నెసోటాలో ఉంటున్నారు. గడ్డకట్టిన సరస్సు మీద గుడారం వేసి, ప్రొపేన్ హీటర్ వెలిగించుకుని చేపలు పడుతున్నారు. తల దగ్గర ఉక్క పోస్తోంది, కాళ్ళు మాత్రం కొయ్యబారిపోతున్నాయి. చిన్న ఫ్యాను పెడితే పైన ఉన్న వేడి కిందికి వస్తుందా, లేక ఆ గాలికి ఇంకా వణకాల్సి వస్తుందా అని అడిగారు.

పెట్టండి, వేడి కిందికి వస్తుంది. కానీ ఫ్యానును ఎక్కడ పెట్టారు, ఎటు తిప్పారు, ఎంత వేగంతో నడిపారు అన్నదాన్ని బట్టి మీ రెండో భయం కూడా నిజమవుతుంది. నాకు రెండూ అనుభవమే.

గుంటూరువాడికి మంచు మీద చేపల వేట గురించి ఏం తెలుసు అనుకోకండి. నరసరావుపేట రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవై ఆరేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ కాస్తుంటే లోపల స్వెటర్ వేసుకుని తిరిగిన మనిషిని. ఒక ఏడాది ఛాంబర్‌లో ఒక మూల పైవరుస టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, రంగు తగ్గాయి. గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అదే కాయిల్, దాని కింద ఉన్న టిక్కీలు మాత్రం ముట్టుకుంటే చేతులు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. రైతు లబోదిబోమన్నాడు. యజమాని నన్ను పిలిచి థర్మామీటర్ చూపించి, డిగ్రీలు సరిగ్గానే ఉన్నాయి కదా అన్నాడు. ఉన్నాయి, ఎందుకంటే ఆ థర్మామీటర్ కాయిల్‌కు దగ్గరగా ఉంది. కాయిల్ ముందున్న ఫ్యాన్లలో రెండు ఆగిపోయాయి. ఫ్యాన్లు తిరుగుతుంటే చల్లగాలి ఛాంబర్ ఆ చివరి దాకా వెళ్ళి, టిక్కీల మధ్య నుంచి తిరిగి వస్తుంది. అవి ఆగితే బరువైన చల్లగాలి ఉన్నచోటే కిందికి జారిపోతుంది, ఎదురు మూలన పైభాగం వెచ్చగా మిగిలిపోతుంది. యంత్రం చల్లదనాన్ని తయారుచేస్తూనే ఉంది, కానీ అది అవసరమైన చోటుకు వెళ్ళలేదు. మీ గుడారం గోడు కూడా ఇదే, కాకపోతే తలకిందులు.

సున్నా డిగ్రీల గాలితో పోలిస్తే ముప్ఫై డిగ్రీల గాలి సుమారు పదో వంతు తేలిక. హీటర్ దగ్గర వేడెక్కిన గాలి నేరుగా కప్పుకు చేరి అక్కడే పరుచుకుంటుంది. కింద ఉన్నది మంచు, దాని పైముఖం సున్నా దగ్గర, లేదా అంతకంటే కింద ఉంటుంది. ఆ మంచును ఆనుకున్న గాలి చల్లబడి అక్కడే కూర్చుంటుంది. ఇంకా పెద్ద హీటర్ కొనమని చెప్పేవాళ్ళు ఉంటారు. కొంటే తల దగ్గర ఇంకో అయిదు డిగ్రీలు పెరుగుతాయి, గ్యాసు అయిపోతుంది, కాళ్ళు ఉన్నచోటే ఉంటాయి.

మా అమ్మాయి వాళ్ళు మీ వైపే ఉంటారు. ఒక జనవరిలో అల్లుడు నాకు ఫిషింగ్ లైసెన్సు తీయించి మిల్ లాక్స్ సరస్సు మీదికి తీసుకెళ్ళాడు. గడ్డకట్టిన నీళ్ళ మీద కార్లు పోతుంటే చూసి నా గుండె జారింది. అక్కడి ప్రకృతి వనరుల శాఖ చెప్పే లెక్క ప్రకారం మనిషి నడవడానికి కనీసం నాలుగు అంగుళాల గట్టి మంచు ఉండాలి, చిన్న కారుకు తొమ్మిది, పది అంగుళాలు కావాలి. అల్లుడు ఆగర్‌తో, అంటే మంచును తొలిచే పెద్ద బర్మాతో, బొక్క వేసి కొలిచి చూపించాకే నేను అడుగు పెట్టాను. ఆ రోజు బయట మైనస్ పద్దెనిమిది. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్న ఒకే పొర గుడ్డ గుడారం. హీటర్ వెలిగించిన అరగంటకు నేను టోపీ తీసేశాను, కోటు గుండీలు విప్పేశాను. బూట్లలో వేళ్ళు మాత్రం ఉన్నాయో లేదో తెలియలేదు.

ఉద్యోగం వదిలినా బుద్ధి వదలదు కదా. రెండోసారి వెళ్ళినప్పుడు రెండు చిన్న థర్మామీటర్లు పట్టుకెళ్ళి ఒకటి తల ఎత్తున, ఒకటి మడమ ఎత్తున వేలాడదీశాను. పైన 29, కింద 3 చూపించాయి. ఒకే గుడారంలో, ఆరడుగుల లోపు, ఇరవై ఆరు డిగ్రీల తేడా! మీరు కూడా ఏదైనా కొనే ముందు ఈ పని చేయండి. మీ తేడా ఏడెనిమిది డిగ్రీలే అయితే ఫ్యానుతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, లోపం వేరే ఎక్కడో ఉంది.

అల్లుడి ఇంట్లో అటకెక్కిన పాత కంప్యూటర్ నుంచి 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఊడదీశాను. పన్నెండు వోల్టులది, రెండు మూడు వాట్లకు మించి తినదు. చేపలు చూసే సోనార్‌కు వాడే పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఎలాగూ ఉంది. లెక్క ప్రకారం ఫ్యాను ఒక్కటే అయితే ముప్ఫై గంటలు రావాలి. ఆ చలిలో సీసపు బ్యాటరీ సగమే ఇస్తుందనుకున్నా ఒక రోజు వేటకు ఎక్కువే.

మొదటిసారి తప్పు చేశాను. చల్లగాలి కింద ఉంది కాబట్టి దాన్ని పైకి తోస్తే పైన ఉన్నది కిందికి దిగుతుందని లెక్కవేసి, ఫ్యానును నేల మీద పెట్టి పైకి తిప్పాను. సూత్రం తప్పు కాదు. కానీ ఆ మూడు డిగ్రీల గాలి నా మోకాళ్ళను, నడుమును రాసుకుంటూ పోయింది. అల్లుడు మర్యాద కొద్దీ ఏమీ అనలేదు కానీ కుర్చీ అవతలి మూలకు జరుపుకున్నాడు. ఆ రాత్రి ఫోనులో విషయం చెబితే మా ఆవిడ, "రోహిణి కార్తెలో కరెంటు పోతే తాటాకు విసనకర్రతో సరిపెట్టుకోమంటారు, అక్కడ మంచులో ఫ్యాను పెట్టుకున్నారా" అని నవ్వింది.

రెండోసారి కప్పు కొక్కేనికి వేలాడదీసి, నేరుగా కిందికి తిప్పాను. మడమ దగ్గర పాదరసం కదిలింది. అయితే గాలి మా మెడ మీద పడింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. మన చర్మం ముప్ఫై మూడు డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. అంతకంటే చల్లటి గాలి ఏది వేగంగా తాకినా వేడిని లాగేస్తుంది. ఇరవై అయిదు డిగ్రీల గాలి నిలిచి ఉంటే హాయి, ఊదితే చలి. మన ఊళ్ళో ఫ్యాను కింద పడుకునేది ఇందుకే, మీ గుడారంలో ఫ్యాను కింద కూర్చోకూడనిదీ ఇందుకే.

ఈ చిక్కుకు మందు మా అమ్మాయి ఇంటి హాల్లోనే దొరికింది. వెళ్ళిన కొత్తలో అక్కడి సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే కిందికి గాలి రావడం లేదని, పాడైందనుకుని విప్పబోయాను. పాడవలేదు. ఫ్యాను ఒంటి మీద చిన్న మీట ఉంది. చలికాలంలో దాన్ని అటు నొక్కితే రెక్కలు ఎదురు తిరిగి గాలిని పైకి తోస్తాయి, ఆ గాలి కప్పును తాకి గోడల వెంబడి నెమ్మదిగా దిగుతుంది. నలభై ఏళ్ళుగా సీలింగ్ ఫ్యాన్లు బిగించిన నాకు ఆ వయసులో తెలిసిన ముచ్చట అది.

మూడోసారి గుడారంలో అదే చేశాను. ఫ్యానును హీటర్‌కు ఎదురు మూలన, కప్పుకు జానెడు కింద కట్టాను. ముఖం మనుషుల వైపు కాకుండా గోడ వైపు, కొంచెం కిందికి వంచి పెట్టాను. వేగం సగానికి తగ్గించాను. ఇరవై నిమిషాలకు తల దగ్గర 22, మడమ దగ్గర 10. గాలి తగులుతున్నట్టు తెలియనే లేదు. హీటర్‌ను ఒక మెట్టు తగ్గించినా అలాగే నిలబడింది. ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. అంతకు ముందు బొక్కలో నీళ్ళ మీద పలుచని మంచు పొర కట్టుకుంటూ ఉండేది, చెంచాతో మాటిమాటికీ తీయాల్సి వచ్చేది. ఆ పని చాలావరకు తప్పింది.

ఫ్యాను ఎంతది కావాలన్నది పెద్ద లెక్కేమీ కాదు. మా గుడారంలో మొత్తం 234 ఘనపుటడుగుల గాలి ఉంది. నిమిషానికి నలభై, యాభై ఘనపుటడుగులు కదిలించే ఫ్యాను అయిదారు నిమిషాల్లో అంత గాలిని ఒకసారి మింగి వదులుతుంది. అంతకంటే పెద్దది అనవసరం. బజారులో దీపంతో కలిపి గుడారాలకు వేలాడదీసుకునే యూఎస్‌బీ ఫ్యాన్లు వస్తున్నాయి, అదైనా సరిపోతుంది. బాల్ బేరింగ్ ఉన్నది దొరికితే తీసుకోండి. మామూలు బుష్ రకంలో నూనె చలికి చిక్కబడి, మొదట కాసేపు మూలుగుతూ తిరుగుతుంది.

మీ గుడారం ఎత్తుగా ఉంటే గొట్టం పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది. బట్టలు ఆరబెట్టే యంత్రం వెనక ఉండే నాలుగంగుళాల ముడతల గొట్టం అక్కడ ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. దాని పై మూతికి ఫ్యానును అట్టముక్కతో, టేపుతో బిగించి కప్పు కింద కట్టండి. కింది మూతి నేలకు జానెడు ఎత్తులో, మీ బూట్ల పక్కగా ఉండాలి. గొట్టంలో గాలి కొంత తగ్గుతుంది కానీ వచ్చినదంతా కాళ్ళ దగ్గరికే వస్తుంది, దారిలో మెడను తాకదు. చూడ్డానికి ఏనుగు తొండంలా ఉంటుంది. మా మనవరాలు దానికి కళ్ళు కూడా గీసింది.

ఇక ఫ్యాను చేయలేని పని ఒకటుంది. అది గాలిని కలుపుతుంది, తాజా గాలిని తేదు. ఈ తేడా తెలియక ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. ప్రొపేన్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. బరువు దాదాపు గాలి బరువే కాబట్టి గుడారమంతా కలిసిపోతుంది. ఫ్యాను తిరుగుతోంది కదా అని గుడారం కిటికీలు మూసేయకండి. కింద ఒకటి, పైన ఒకటి గాలి దారులు తెరిచే ఉంచండి. వెచ్చదనం కొంత పోతుంది, పోనివ్వండి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తప్పనిసరిగా పెట్టుకోండి. హీటర్‌లో ఆక్సిజన్ తగ్గితే ఆరిపోయే ఏర్పాటు ఉన్నా సరే, అలారం అలారమే. ఫ్యాను గాలి హీటర్ మంట మీద పడకూడదు. పడితే మంట రెపరెపలాడి ఆరిపోతుంది, లేదా సరిగ్గా మండదు. హీటర్‌కు నేరుగా పైన ఫ్యానును కట్టినా ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

తడి సంగతి కూడా గాలి దారులతోనే ముడిపడి ఉంది. ఒక పౌను ప్రొపేన్ సిలిండర్ పూర్తిగా మండితే సుమారు ముప్పావు లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. అదంతా చల్లటి గుడ్డకు పట్టి, చుక్కలుగా మీ నెత్తిన పడుతుంది. గాలి కదులుతుంటే చుక్కలు తగ్గుతాయి, కానీ ఆవిరి పోవడానికి దారి లేకపోతే ఫ్యాను దాన్ని ఎక్కడికి పంపుతుంది?

ఫ్యాను కంటే ముందు చేయాల్సిన పనిని ఇంతసేపు దాచిపెట్టినట్టయింది. కాళ్ళకు అసలు శత్రువు గాలి కాదు, బూటు అడుగున ఉన్న మంచు. కోల్డ్ స్టోరేజీలో మేము ఎప్పుడూ వట్టి నేల మీద నిలబడి పనిచేయలేదు, నాలుగు గోనె సంచులు మడిచి వేసుకునేవాళ్ళం. మిల్ లాక్స్‌లో గోనెలు లేవు. మనవరాలి ఆటగదిలో ఒకదానికొకటి తగిలించే అక్షరాల నురుగు పలకలు ఉంటే అడిగి తెచ్చుకున్నాను. బొక్క దగ్గర ఒక పలక వదిలేసి మిగతా నేలంతా పరిచాం. నా కాళ్ళకు ఫ్యాను చేసిన మేలు ఆరణాలైతే ఆ పలకలు చేసింది పదణాలు. మీరు ఇంకా పలకలు వేయకపోతే ముందు అవి వేసి, మళ్ళీ థర్మామీటర్ చూసి, అప్పుడు ఫ్యాను గురించి ఆలోచించండి. మేజోళ్ళు చెమటకు తడిస్తే మాత్రం పలకలు, ఫ్యాను ఏవీ ఆదుకోవు. నడిచి వెళ్ళగానే పొడి జత మార్చుకోవాలి.

చేపల మాట అడగలేదు కానీ చెబుతాను. నాలుగు రోజులకు రెండు వాల్‌ఐలు, కొన్ని పెర్చ్‌లు పడ్డాయి. మా అమ్మాయి వాల్‌ఐతో పులుసు పెట్టింది. ముల్లు తక్కువ, ముక్క మెత్తన, అయితే మన కొరమేనులా పులుసులో నిలవదు, గరిటె తగిలితే విడిపోతుంది. వేపుడుకే బాగుంటుంది.

మీరు సీసపు బ్యాటరీ కాకుండా పవర్ బ్యాంకు వాడేట్టయితే దాన్ని మంచు మీద పెట్టకండి. కోటు లోపలి జేబులో ఉంచి తీగ బయటికి లాగండి, చలికి లిథియం బ్యాటరీ త్వరగా చేతులెత్తేస్తుంది. ఇంటికి రాగానే ఛార్జింగ్‌కు కూడా పెట్టవద్దు. సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేస్తే లోపల పాడవుతుంది. ఒకటి రెండు గంటలు గదిలో వదిలేసి, చేతికి చల్లదనం తెలియనప్పుడు పెట్టండి.