నేల ఉసిరి సరకుకు డీఎన్‌ఏ రిపోర్టు అడుగుతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నేల ఉసిరి సాగు చేశాను. ఎండబెట్టి పంపిన సరకులో వేరే జాతి కలిసిందని కొనుగోలుదారు తిప్పి పంపారు. ఇకపై డీఎన్‌ఏ బార్‌కోడింగ్ రిపోర్టు ఉంటేనే కొంటామంటున్నారు. ఏమిటీ పరీక్ష? నమూనా ఎలా పంపాలి?

జవాబు: పరీక్షకు డబ్బు కట్టే ముందు ఒకసారి చేలో దిగండి. నేల ఉసిరిలో దాని దాయాది జాతులే కలుపుగా మొలుస్తాయి. కోతలో కలిసిపోయి ఎండాయంటే వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు. కాయ దశలో రెమ్మను తిరగేసి చూడండి. అసలు నేల ఉసిరి కాయ నున్నగా, పొట్టి కాడకు వేలాడుతూ ఉంటుంది. కాయ గరుకుగా, కాడ లేనట్టు రెమ్మకు అంటుకుని, కాండం ఎర్రబారి ఉంటే అది వేరే జాతి. వేళ్లతో సహా పీకేయండి.

ఇక పరీక్ష సంగతి. జాతిని బట్టి మారే చిన్న డీఎన్‌ఏ ముక్కను చదివి, పేరు ఖాయంగా తెలిసిన మొక్కల డీఎన్‌ఏతో పోల్చి చూస్తారు. మొక్కలకు ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండు జన్యువుల భాగాలను 2009లో ప్రామాణికంగా సూచించారు. దగ్గరి చుట్టాలను విడదీయడానికి ఒక్కోసారి ఇవి చాలవు. అందుకే ఐటీఎస్‌2, పీఎస్‌బీఏ-టీఆర్‌ఎన్‌హెచ్ భాగాలనూ చదువుతారు. ఒక్క ఆర్‌బీసీఎల్‌తో సరిపెట్టే ల్యాబ్ రిపోర్టును నేనైతే నమ్మను. ఏ భాగాలు చదువుతారో ముందే అడగండి.

నమూనాకు లేత, తెగులు లేని ఆకులు తీసి, కాగితం కవర్లో పెట్టి, దాని చుట్టూ ఆకుల బరువుకు పది రెట్లు సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) పోయండి. తడి ఆకును ప్లాస్టిక్ కవర్లో కడితే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. అదే మొక్కను పూత, కాయలతో నొక్కి ఆరబెట్టి విడిగా దాచండి. రిపోర్టుపై తగాదా వస్తే అదే మీ సాక్ష్యం.

ఒక్క ఆకు రిపోర్టు బస్తా మొత్తానికి హామీ కాదు. కలగలిసిన సరకులో ఏమేం ఉన్నాయో తేలాలంటే, అందులోని అన్ని జాతుల డీఎన్‌ఏనూ ఒకేసారి చదివే మెటాబార్‌కోడింగ్ చేయించాలి. అందులోనూ ఏ జాతి ఎన్ని కిలోలుందో కచ్చితంగా చెప్పలేరు. ఔషధ గుణమిచ్చే ఫిల్లాంథిన్ ఎంతుందో డీఎన్‌ఏ చెప్పదు, దానికి హెచ్‌పీఎల్‌సీ వంటి రసాయన పరీక్ష వేరే ఉంది. కాబట్టి ఏ పరీక్ష కావాలో, ఎన్ని బస్తాల నుంచి, ఎవరి ఎదుట నమూనా తీయాలో, ఖర్చు ఎవరిదో కోతకు ముందే కొనుగోలుదారుతో కాగితం మీద రాయించుకోండి.