పాయింట్లతో బిజినెస్ క్లాస్ ఎక్కితే చిన్నచూపు చూస్తారా?

డాలస్‌లో ఈమధ్యే ఉద్యోగంలో చేరిన ఒక అబ్బాయి మొన్న ఫోన్ చేశాడు. పది నిమిషాలు అవీ ఇవీ మాట్లాడాక అసలు సంగతికి వచ్చాడు. కరీంనగర్‌లో ఉన్న అమ్మానాన్నలను డిసెంబర్‌లో తీసుకొద్దామనుకుంటున్నాడు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. రెండు క్రెడిట్ కార్డుల బోనస్ పాయింట్లు కలిపితే శంషాబాద్ నుంచి ఇద్దరికీ బిజినెస్ క్లాస్ టికెట్లు వస్తున్నాయి. ఇంతలో రూమ్మేట్ భయపెట్టాడట: "పాయింట్లతో ఎక్కినవాళ్లంటే ఎయిర్ హోస్టెస్‌లకు లెక్కుండదురా. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు వడ్డించాక మిగిలింది వీళ్లకు పెడతారు." నాన్న అభిమానం గల మనిషి, అలాంటిదేమైనా జరిగితే జన్మలో మళ్లీ అమెరికా రాడు, ఏం చెయ్యమంటావక్కా అని అడిగాడు.

నేను ఈ దేశానికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఈ సందేహం ఇతనొక్కడిదే కాదు. మన పెళ్లిళ్లలో వియ్యాలవారి పంక్తికి ఒక వడ్డన, వెనక పంక్తికి ఇంకో వడ్డన చూసి పెరిగినవాళ్లం కదా, విమానంలోనూ అదే ఉంటుందనుకుంటాం. అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. విమానం లోపల టికెట్ రకంతో వచ్చే తేడా చాలా తక్కువ. తేడా అంతా విమానం ఎక్కకముందు ఉంటుంది. ఏదైనా తేడా కొట్టినప్పుడు ఇంకా ఎక్కువగా ఉంటుంది.

ముందు లోపలి సంగతి. కేబిన్ క్రూ చేతిలో ఇప్పుడు ట్యాబ్‌లు ఉంటున్నాయి, పాత రోజుల్లో కాగితం ఉండేది. అందులో వాళ్లు చూసేది సీటు నంబరు, పేరు, ప్రత్యేక భోజనం ఏమైనా అడిగారా, వీల్‌చైర్ కావాలా, దిగాక ఎక్కాల్సిన విమానం ఏది, ఆ ఎయిర్‌లైన్ సభ్యత్వంలో మీది ఏ మెట్టు, ఇలాంటివి. మీరు 4 వేల డాలర్లు పెట్టారా, 70 వేల పాయింట్లు పెట్టారా అని లెక్క చూసుకుని ట్రే అందించే తీరిక వాళ్లకు ఉండదు. పరుపు, దుప్పటి, మెనూ, పళ్లరసం సీటును బట్టి వస్తాయి.

వరస మార్చేది ఏదైనా ఉందంటే అది సభ్యత్వపు మెట్టు. కొన్ని ఎయిర్‌లైన్స్‌లో గోల్డ్, ప్లాటినం వాళ్ల దగ్గరికి ముందుగా వచ్చి పేరు పెట్టి పలకరిస్తారు, భోజనం ఏం కావాలో ముందు వాళ్లనే అడుగుతారు. అలాంటి చోట నాలుగు వేలు పోసి కొన్న కొత్తాయన కంటే, పాయింట్లతో ఎక్కిన గోల్డ్ సభ్యుడి వంతు ముందొస్తుంది. మీ నాన్నకు చివరి వరసలో సీటు పడితే, కోరుకున్న కూర అయిపోయి ఇంకోటి తినాల్సి రావచ్చు. అది ఆ వరసలో డబ్బు పెట్టి కూర్చున్నవాళ్లకూ జరుగుతుంది.

మరి "మమ్మల్ని పట్టించుకోలేదు" అనే పెద్దవాళ్ల మాట ఎక్కడినుంచి వస్తుంది? నా లెక్కలో సగం మొహమాటం నుంచే. మా అమ్మ మొదటిసారి బిజినెస్ క్లాస్‌లో వచ్చినప్పుడు, విమానాశ్రయంలో నన్ను చూడగానే అన్న మొదటి మాట: "నాకు అన్నం పెట్టలేదే." గుండె జారిపోయింది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, సీటు వాల్చి పడుకుంది, గాఢంగా నిద్రపోయింది. బిజినెస్ క్లాస్‌లో నిద్రపోతున్నవాళ్లను లేపకపోవడమే మర్యాద. లేచాక ఆకలేసింది, కానీ బెల్లు నొక్కితే ఏమనుకుంటారోనని అలాగే కూర్చుంది. ఎకానమీలో అందరికీ ఒకేసారి ట్రాలీ వస్తుంది, అడగక్కర్లేదు. ముందు కేబిన్‌లో చాలాచోట్ల అడిగినప్పుడే వస్తుంది. ఖతార్ ఎయిర్‌వేస్ లాంటి వాటిలో ఏ వేళ కావాలంటే ఆ వేళే తినొచ్చు. ఈ పద్ధతి ముందే చెప్పకపోతే, మనవాళ్లు అడగరు, వాళ్లు లేపరు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు బయల్దేరినా ఒక చిన్న కార్డు మీద "భోజనం వేళకు నన్ను లేపండి" అని ఇంగ్లీషులో రాసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెడతాను. ఎక్కగానే దాన్ని చూపిస్తే చాలు.

భోజనం మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. టికెట్ కొన్నాక ప్రత్యేక భోజనం ఎంచుకునేచోట హెచ్ఎన్ఎంఎల్ అంటే "హిందూ మీల్" కదా, శాకాహారమే అనుకుని నొక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది మాంసాహారం, బీఫ్ ఉండదు అంతే. మన శాకాహారులకు కావలసింది ఏవీఎంఎల్. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు తినని జైనులది వీజేఎంఎల్. వీజీఎంఎల్ అంటే వీగన్, పెరుగు కూడా రాదు. పెరుగు లేని భోజనం చేసి దిగిన తండ్రిని ఓదార్చడం ఎంత కష్టమో పడినవాళ్లకు తెలుసు! అయితే ఇండియాకు వెళ్లే విమానాల్లో బిజినెస్ క్లాస్ మెనూలోనే సాధారణంగా ఒక మంచి శాకాహార వంటకం ఉంటుంది. ముందే ప్రత్యేక భోజనం చెప్పేస్తే చాలాసార్లు ఒకే ట్రే వస్తుంది, మెనూ నుంచి ఏరుకునే వీలుండదు. గుడ్డు కూడా తాకని ఇంటివాళ్లయితే చెప్పండి, లేదంటే వదిలేయండి.

ఇక బయట తేడాలు. విచిత్రంగా ఇక్కడ చాలాసార్లు నష్టపోయేది పాయింట్లవాళ్లు కాదు, చవగ్గా వచ్చిందని డబ్బు పెట్టి కొన్నవాళ్లు. ప్రతి టికెట్‌కూ దాని ధర తరగతి చెప్పే ఒక అక్షరం ఉంటుంది. జే అంటే మామూలుగా పూర్తి ధర బిజినెస్. దాని కింద సీ, డీ, జెడ్ అంటూ ధర తగ్గుతూ పోతుంది. యునైటెడ్, దానితో జట్టుకట్టిన స్టార్ అలయన్స్ కూటమి విమానాల్లో పాయింట్ల బిజినెస్‌కు ఐ, అమెరికన్, ఖతార్‌లలో యూ వాడతారు. కొన్ని కంపెనీలు కొన్నేళ్లుగా బిజినెస్ క్లాస్‌నే ముక్కలు చేసి అమ్ముతున్నాయి. ఎమిరేట్స్‌లో "స్పెషల్", ఖతార్‌లో "లైట్" అనే చవక బిజినెస్ ఫేర్లు అలా వచ్చినవే. సీటు అదే, భోజనం అదే, కానీ విమానాశ్రయంలో సేదతీరే లౌంజ్ లేదు. ఫిన్నెయిర్ ఇంకో అడుగు ముందుకేసి, చెక్-ఇన్ బ్యాగ్ కూడా లేని బిజినెస్ టికెట్ పెట్టింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో తక్కువ ధర బిజినెస్ టికెట్ కొంటే, సీటు ముందుగా ఎంచుకోవడానికి వేరే డబ్బు కట్టాలి. లేకపోతే బయల్దేరడానికి 24 గంటల ముందు చెక్-ఇన్ తెరుచుకునేదాకా ఆగాలి. అమ్మ ఒక మూల, నాన్న ఒక మూల పడితే విమానమంతా ఒకరినొకరు వెతుక్కుంటారు. ఈ షరతులు మారుతూ ఉంటాయి కాబట్టి, కొనే రోజు ఆ ఫేర్ కింద ఉన్న చిన్నక్షరాలు చదవండి. దోహాలోనో దుబాయ్‌లోనో నాలుగైదు గంటలు ఆగాల్సిన పెద్దవాళ్లకు లౌంజ్ సోఫా చిన్న విషయం కాదు. వీల్‌చైర్‌కు మాత్రం ఈ గొడవ లేదు, ఏ టికెట్ అయినా ముందే అడిగి పెట్టుకుంటే ఉచితమే.

అప్‌గ్రేడ్ అనేది మళ్లీ వేరే కథ. ఎకానమీ నిండిపోయి గేటు దగ్గర వాళ్లే ముందుకు పంపితే అదృష్టం, కానీ టికెట్ ఎకానమీదే. బరువు, మైళ్లు పాత లెక్కే, లౌంజ్ ఉంటుందని నమ్ముకోకండి. మీరు చెప్పిన ఏవీఎంఎల్ వెనక వంటగదిలో ఎకానమీ ట్రేగా ఎక్కి ఉంటుంది, తెలిసిన క్రూ అయితే వెతికి తెచ్చిస్తారు. వేలం పాడి తీసుకునే అప్‌గ్రేడ్‌లో ఏమేం వస్తాయో కంపెనీకో రకంగా రాసి ఉంటుంది. "బిజినెస్‌కు మారిపోయాం కదా, ఒక్కొక్కటి 32 కిలోలు" అని ఆవకాయ జాడీలు సర్దుకుని కౌంటర్ దగ్గర సూట్‌కేసులు విప్పినవాళ్లను చూశాను. సర్దేముందు టికెట్‌లో బ్యాగుల వరస చూసుకోండి.

ఎయిర్‌లైన్‌లో పనిచేసే బాబాయి కొడుకు ఇస్తానన్న బడ్డీ పాస్ (ఉద్యోగులు తమవాళ్లకు ఇప్పించే టికెట్) సంగతి కూడా చెప్పాలి. రూమ్మేట్ చెప్పినదానిలో ఏదైనా నిజం ఉంటే ఇక్కడే ఉంది. స్టాఫ్ టికెట్ మీద ఎక్కినవాళ్లు మామూలు ప్రయాణికుల తర్వాతే. సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు, భోజనంలో మిగిలింది తీసుకుంటారు, బట్టల విషయంలో కూడా కొన్ని కంపెనీలు నియమాలు పెడతాయి. మీరొక్కరే బ్యాగు భుజాన వేసుకుని తిరిగే వయసులో ఫరవాలేదు. డిసెంబర్‌లోనో, మే-జూన్ సెలవుల్లోనో అమ్మానాన్నలను స్టాండ్‌బై మీద మధ్య దేశంలో దింపకండి.

ఇప్పుడు అసలు చూడాల్సింది. టికెట్ నంబరు 13 అంకెలు ఉంటుంది, మొదటి మూడు అంకెలు ఆ టికెట్ ఎవరు ఇచ్చారో చెబుతాయి. 098 అంటే ఎయిర్ ఇండియా, 016 యునైటెడ్, 176 ఎమిరేట్స్, 157 ఖతార్, 220 లుఫ్తాన్సా, 014 ఎయిర్ కెనడా. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్లతో ఖతార్ విమానంలో హైదరాబాద్-దోహా-డాలస్ బుక్ చేస్తే, విమానం ఖతార్‌ది, టికెట్ మాత్రం 001తో మొదలవుతుంది. అంటే సంబంధం కుదిర్చింది ఒకరు, కాపురం ఇంకొకరింట్లో. పీఎన్ఆర్‌లు కూడా రెండు ఉంటాయి. అమెరికన్ ఇచ్చిన ఆరక్షరాలతో ఖతార్ సైట్‌లో వెతికితే దొరకకపోవచ్చు. ఖతార్ పీఎన్ఆర్ అడిగి తీసుకుని, సీట్లు, భోజనం, వీల్‌చైర్ అక్కడ పెట్టుకోవాలి.

అంతా సజావుగా సాగితే టికెట్ ఇచ్చిన కంపెనీకి, విమానం నడిపే కంపెనీకి మధ్య గీత కనిపించదు. విమానం వేళ మారితే కనిపిస్తుంది. మా పిన్ని, బాబాయి వస్తున్నప్పుడు (ఏ కంపెనీలో చెప్పను, ఇది చాలాచోట్ల జరిగేదే) ప్రయాణానికి నెల ముందు మొదటి విమానం వేళ రెండు గంటలు మారింది. నడిపే కంపెనీ తన సిస్టమ్‌లో మార్చేసింది. టికెట్ ఇచ్చిన కంపెనీ దాన్ని తిరిగి జారీ చెయ్యలేదు. బుకింగ్ చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంది. రాత్రి శంషాబాద్ కౌంటర్ దగ్గర మాత్రం, "బుకింగ్ ఉంది కానీ టికెట్ దానితో కలవడం లేదు, కొన్నచోటే సరిచేయించుకోండి" అన్నారు. నేనిక్కడ రెండు ఫోన్లు పట్టుకుని, ఒక చెవిలో హోల్డ్ సంగీతం, ఇంకో చెవిలో బాబాయి. మూసేయడానికి పన్నెండు నిమిషాలుందనగా పని అయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అదే నడిపే కంపెనీ దగ్గరే డబ్బు పెట్టి కొని ఉంటే కౌంటర్‌లోనే సరిచేసేవారు.

అందుకని, వేళ మారిందని మెయిల్ వస్తే "సరే" అని వదిలేయకండి. టికెట్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి, తిరిగి జారీ చేశారా అని అడగండి. వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఇంకోసారి చూడండి. పాయింట్ల టికెట్‌తో ఒక సుఖం కూడా ఉంది. యునైటెడ్, అమెరికన్ లాంటి వాటిలో బయల్దేరక ముందు రద్దు చేసుకుంటే పాయింట్లు రుసుము లేకుండా వెనక్కి వస్తాయి. వీసా స్టాంపింగ్ ఆలస్యమైతే ఇది ఎంత పెద్ద ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

పాయింట్లతో వెతికేటప్పుడు ఇంకో మాయ ఉంది, మిక్స్‌డ్ కేబిన్. తెరమీద "బిజినెస్" అని ఉంటుంది. విప్పి చూస్తే నాలుగు గంటల హైదరాబాద్-దోహా ముక్క బిజినెస్, ఆ తర్వాత పదిహేను గంటలకు పైగా ఉండే ముక్క ఎకానమీ. మోకాళ్ల నొప్పుల మనిషికి కావలసింది సరిగ్గా తలకిందులుగా. ప్రతి ముక్క పక్కన కేబిన్ ఏమిటో విడివిడిగా చదవండి. యూరప్ లోపలి చిన్న విమానాల్లో బిజినెస్ అంటే చాలావరకు ఎకానమీ సీటే, మధ్యది ఖాళీగా వదులుతారు. అది చూసి మోసపోయామని గాభరా పడొద్దని పెద్దవాళ్లకు చెప్పి పంపండి.

చివరగా, బిజినెస్ కొంటే కౌంటర్ దగ్గర ఎకానమీకి దించేస్తే? ఇండియాలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ 2023 ఫిబ్రవరి 15 నుంచి నియమం పెట్టింది: అంతర్జాతీయ ప్రయాణంలో 1,500 కిలోమీటర్ల లోపైతే టికెట్ ధరలో 30 శాతం, 3,500 లోపైతే 50, ఆపైన 75 శాతం తిరిగివ్వాలి. దేశీయ విమానాలకు 75 శాతం. యూరోపియన్ యూనియన్‌లో 261/2004 నియమం కింద ఇవే శాతాలు చాలాకాలంగా ఉన్నాయి. హైదరాబాద్ నుంచి లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లేవాళ్లకూ అది వర్తిస్తుంది, పాయింట్ల టికెట్ అయినా సరే. "పాయింట్లది కదా, మీకు రాదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అసలు టికెట్, కొత్త బోర్డింగ్ పాస్, రెండింటికీ అక్కడే ఫోటో తీయమని నాన్నకు నేర్పండి. దించిన కారణం కాగితం మీద రాసివ్వమని అడగమనండి.

ఆ అబ్బాయి నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. టికెట్లు బుక్ అయ్యాయి, నంబరు 001తో మొదలైంది, మధ్యలో పక్కపక్క సీట్లు దొరికాయి. కార్డు మీద ఇంగ్లీషులో ఏం రాయాలో చెప్పక్కా అన్నాడు. చెప్పాను. వాళ్ల నాన్న మాత్రం, బిజినెస్ క్లాస్‌లో ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినొచ్చా అని అడుగుతున్నాడట. తినొచ్చు.